ఇంటి మడి

మైక్రోస్కోపు మీదికి వంగితే మాత్రలక్కకి మొదట తన కనురెప్పల వెంట్రుకలు తప్ప ఇంకేమీ కనబడలేదు.

"అంత ఆనుకోకండమ్మా. కాస్త ఎడంగా ఉండి చూడండి," అన్నాడు పరీక్షలాయన.

ఆయన పెద్దాసుపత్రి ల్యాబు నుంచి వచ్చాడు. పిల్లల కడుపుల్లో నులిపురుగులు ఏ వీధిలో ఎంత ఉన్నాయో తేల్చడం ఆయన పని. ముక్కుకి గుడ్డ కట్టుకునీ కట్టుకునీ చెవుల వెనక గాడులు పడిపోయాయి. దవాఖానా వెనక గదిలో, కిటికీ పక్కన బల్ల వేసుకుని, తల్లులు తెచ్చిచ్చిన చిన్న డబ్బీలు ఒక్కొక్కటే తెరుస్తున్నాడు. పుల్లతో పిసరంత తీసి, సన్నటి జల్లెడ గుడ్డ మీద రుద్ది, కిందికి జారిన మెత్తటిదాన్ని గాజుపలక మీద పెట్టి, ఆకుపచ్చ మందులో నానిన పల్చటి కాగితం కప్పి బొటనవేలితో అదుముతున్నాడు. పిండి పిసికినంత మామూలుగా చేస్తున్నాడు ఆ పనంతా.

మాత్రలక్క కాస్త వెనక్కి జరిగింది. వెలుతురు గుండ్రంగా నిలిచింది. అందులో గోధుమరంగు ముద్దలు, కాకరగింజల్లా గరుకుగా, చుట్టూ బొడిపెలతో.

"ఇవేనా సార్?"

"ఇవే. ఏలికపాము గుడ్లు. పలక కాస్త జరిపి చూడండి, ఎటు చూసినా అవే."

ఇన్నేళ్ళుగా వీధి వీధీ తిరిగి నులిపురుగుల మాత్రలు వేస్తోంది ఆమె. అందుకే పిల్లలు ఆ పేరు పెట్టారు. అసలు పేరు ఆ వార్డులో ఎవరికీ గుర్తు లేదు, ఒక్కోసారి ఆమెకే గుర్తుండదు. అయినా తను ఎవరి మీద యుద్ధం చేస్తోందో ఇవాళే కళ్ళారా చూసింది.

"ఇది ఏ వీధి?"

"పంపు వీధి," అన్నాడాయన. "మిగతా వీధులన్నీ బాగా తగ్గాయి. మార్కెట్ వెనక వీధిలో మరుగుదొడ్లే లేవు, అక్కడా తగ్గాయి. మీ పంపు వీధి మాత్రం మొండికేసింది. అడగాల్సిందే కాబట్టి అడుగుతున్నా, ఏమీ అనుకోకండి. అక్కడ మాత్రలు నిజంగానే వేశారా?"

"నా చేత్తో వేశాను సార్. నా కళ్ళ ముందే నమిలారు."

"నమ్ముతున్నాను. మాత్ర లోపలున్నవాటిని చంపుతుంది, అంతే. మళ్ళీ నోట్లోకి పోతే మాత్రేం చేస్తుంది." ఆయన కళ్ళజోడు తీసి చొక్కా అంచుతో తుడుచుకున్నాడు. "అంటే ఎక్కడి నుంచో మళ్ళీ పోతున్నాయి. తాగే నీళ్ళు చూశాను, బాగానే ఉన్నాయి. అందరికీ దొడ్లున్నాయి. కూరగాయలు ఎక్కడ కొంటారు ఆ వీధివాళ్ళు?"

మాత్రలక్క గాజుపలకల పెట్టె మూత వేసింది. అది సరిగ్గా పడలేదు, మళ్ళీ తీసి వేసింది.

"బజార్లోనే సార్," అంది. "అందరిలాగే."

ఆ మాట నోట్లోంచి ఎలా వచ్చిందో ఆమెకే తెలియలేదు. ఆలోచించి ఆడిన అబద్ధమైతే కాస్త తడబడేది. ఇది మాత్రం ఊపిరి వదిలినంత తేలిగ్గా వచ్చేసింది.

పరీక్షలాయన తల ఊపాడు. "అయితే ఇక చేతులే అనుకోవాలి. తల్లులతో మాట్లాడమని పెద్ద డాక్టరమ్మకి చెబుతాను."

*

మర్నాడు పొద్దెక్కకముందే పంపు వీధి చివర రేకుల షెడ్డు కింద తల్లులందరినీ కూర్చోబెట్టారు. పెద్ద డాక్టరమ్మ చెడ్డమనిషి కాదు. కాకపోతే ఒకే రోజు ఇలాంటి నాలుగైదు వీధులకి వెళ్ళాలి, మోకాళ్ళ నొప్పులు, పైగా ఎండ. అందుకని కుర్చీలో కూర్చుంటూనే మొదలుపెట్టింది.

"మందు మేమిస్తాం, డబ్బీలు మేమిస్తాం, మీ పిల్లల చేతులు కూడా మేమే వచ్చి కడగాలా? సబ్బు ఇంట్లో ఉంటుంది, చేతుల దాకా రాదు. మిగతా వీధుల్లో తగ్గినవి ఇక్కడే ఎందుకు తగ్గలేదు? ఒక్కరు చెప్పండి."

 ఒకామె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఒడిలో పిల్లాడి గోళ్ళు ఎవరికీ కనబడకుండా పిడికిట్లో దాచింది ఇంకొకామె.

వెనక వరసలో టైలరమ్మ లేచి నిలబడింది. ఆ వీధిలో బడి బట్టలన్నీ ఆమే కుడుతుంది. నిలబడిన మనిషి మాట్లాడకుండా కూతుర్ని ముందుకి తోసుకొచ్చింది. ఆ పిల్లని అందరూ పిచ్చుక అంటారు. సన్నటి కాళ్ళు, ముందుకొచ్చిన పొట్ట, కళ్ళ కింద తెలుపు. తల్లి ఆ పిల్ల రెండు చేతులూ పట్టి డాక్టరమ్మ ముందు చాపింది.

గోళ్ళు మరీ లోపలికి కత్తిరించేసి ఉన్నాయి. కొసలు ఎర్రగా కమిలాయి. ఒక వేలి మీద రక్తం ఎండి నల్లగా ఉంది.

"చూడండి మేడమ్. రోజూ కత్తిరిస్తాను. తినేముందు కడుగుతాను, తిన్నాక కడుగుతాను. చెప్పులు లేకుండా గుమ్మం దిగనివ్వను. ఇంకా ఎక్కడ కడగమంటారో చెప్పండి, అక్కడా కడుగుతాను."

"మరైతే నీ కూతురికి పురుగులు గాల్లోంచి వచ్చాయా?"

ముందు వరసలో ఎవరో కిసుక్కున నవ్వారు. పిచ్చుక చేతులు లాక్కుని గౌను వెనక దాచుకుంది. టైలరమ్మ మొహం మాడిపోయింది. ఇంకేదో అనబోయి, సబ్బు ముక్కలున్న సంచి పట్టుకుని పక్కన నిలబడ్డ మాత్రలక్క వంక చూసింది. నువ్వైనా చెప్పు అన్నట్టుంది ఆ చూపు. మా ఇల్లు నీకు తెలుసు కదా, నా శుభ్రం నీకు తెలుసు కదా.

మాత్రలక్క సంచిలోకి చూస్తూ సబ్బు ముక్కలు సర్దింది.

అందరూ వెళ్ళిపోతుంటే టైలరమ్మ ఆమె పక్కకి వచ్చింది. కోపం లేదు ఆ గొంతులో. ఏడ్చి ఏడ్చి ఆపిన గొంతు.

"అక్కా, ఇంకేం చెయ్యాలో నాకు తెలియడం లేదు. బయటి తిండి ఏదీ పెట్టను. కూర కూడా బజారుది కొనను, మీ అత్తగారు తెచ్చేదే. ఈ వీధిలో అందరం అంతే కదా. ఇదైతే మరీను, కొత్తిమీర కట్ట చేతికొస్తే చాలు, మేకపిల్లలా పచ్చిదే నమిలేస్తుంది. మాత్రలక్క ఇంటి ఆకు కదా అని నేనూ ఊరుకుంటాను."

పిచ్చుక నవ్వింది. ముందరి పన్ను ఊడిపోయి ఉంది.

*

మాత్రలక్క భర్త కౌలుకి తీసుకున్న మళ్ళు ఊరి మురుగుకాలువ గట్టున ఉన్నాయి. పొద్దువాలే వేళకి ఆమె నేరుగా అక్కడికే నడిచింది. మామూలుగా అయితే ఆ వాసన రాగానే ముక్కు దానంతటదే అలవాటుపడిపోతుంది. ఇవాళ అలవాటు పడలేదు.

కాలువలోకి దింపిన పైపు ఇంజను కుదుపులకి వణుకుతోంది. నీళ్ళు నల్లగా, నురగతో వచ్చి బోదెల్లో పడుతున్నాయి. భర్త పార పట్టుకుని ఒక్కో మడికీ గండి కొట్టి, నీరు నిండగానే మట్టితో మూస్తున్నాడు. అత్త గట్టు మీద చాప పరుచుకుని కొత్తిమీర కట్టలు కడుతోంది. పిడికిట్లో ఇమిడినంత ఆకు తీసుకుని, వేళ్ళు సమంగా తట్టి, నారతో రెండు చుట్లు చుట్టి, ఆ కట్టని పక్కన గుంటలో ముంచి తీస్తోంది. మట్టి పోతుంది, రేపటిదాకా వాడిపోకుండా కూడా ఉంటుంది. ఆ గుంటలోకి నీళ్ళు వచ్చేదీ ఆ బోదెలోంచే.

మళ్ళన్నిటికీ దూరంగా, చేతిపంపు పక్కన, చీరంత మేర ఇంకో మడి ఉంది. దాని చుట్టూ ముళ్ళకంప. దానికి బోదె లేదు. అత్త చేతిపంపు కొట్టి డబ్బాతో పోస్తుంది. ఇంటి మడి అంటారు దాన్ని. ఇంట్లో వండే ఆకు అంతా అక్కడిదే.

"ఇంజను ఆపు. నీతో మాట్లాడాలి," అంది భర్తతో.

"నీళ్ళు ఆ చివరికి ఎక్కనీ."

ఎక్కేదాకా నిలబడింది. ఆ చప్పుడు ఆగాక చూసినదీ విన్నదీ అంతా చెప్పింది. గుడ్లు, పంపు వీధి, పిచ్చుక గోళ్ళు. బజార్లో కొంటారని తనన్న మాట కూడా.

భర్త పార గట్టుకి గుచ్చాడు. "బోరు ఎండిపోయింది నీకు తెలీదా? అప్పటి నుంచీ ఈ నీళ్ళేగా. నువ్వు చూడలేదా?"

"చూశాను."

"ఈ కాలువలోకి వదిలేదెవరు? నేనా? ఊళ్ళో ప్రతి ఇంటి దొడ్డీ ఇందులోకే కదా. వాళ్ళు పంపింది వాళ్ళకే పంపుతున్నాను." నవ్వబోయాడు గానీ ఆమె మొహం చూసి మానేశాడు. "అయినా కడుక్కుని వండుకుంటే ఏమవుతుంది."

"ఆ పిల్ల పచ్చిది తింటుంది."

"అది మన తప్పా?"

ఆమె అత్త వైపు తిరిగింది. "అత్తా, మన ఇంటికి వేరే మడి ఎందుకు పెట్టావు?"

అత్త చేతిలో కట్ట ఆగింది. నారకొస పళ్ళ మధ్య ఉంది. దాన్ని తీసి మెల్లగా ముడివేసింది.

"నువ్వు కడుపుతో ఉన్నప్పుడు పెట్టాను," అంది. "ఆ వాసనకి నువ్వు వాంతులు చేసుకునేదానివి. ఎందుకైనా మంచిదని. తర్వాత చంటిది పుట్టింది, దాని నోట్లోకి పోతుంది కదా అని ఉంచేశాను. నీకు చెప్పాలా వద్దా అని కూడా అనుకోలేదు. నువ్వూ ఎప్పుడూ అడగలేదు."

నిజమే. ఆమె ఎప్పుడూ అడగలేదు. అత్త రోజూ విడిగా తెచ్చి వంటింటి గూట్లో పెట్టే ఆ చిన్న కట్టని ఏళ్ళ తరబడి విప్పింది, తరిగింది, కూతురికి కలిపి పెట్టింది. కూతురికి బుగ్గలొచ్చాయి, జుట్టు ఒత్తుగా పెరిగింది. పిచ్చుకా అదీ ఒకే బెంచీ మీద కూర్చుంటారు. అవన్నీ తన జాగ్రత్త వల్లే అనుకుని, ఆ మాటే వీధి తల్లులకి పాఠంగా కూడా చెప్పింది.

"రేపు బుట్ట ఎత్తకు అత్తా."

"మీ మామ పోయినప్పుడు కూడా నేను బుట్ట మానలేదు," అంది అత్త.  కట్టిన కట్టలు కట్టినట్టే చాప మీద వదిలేసి మోకాళ్ళ మీద చెయ్యి పెట్టుకుని లేచింది.

మాత్రలక్క ఒక కట్ట తీసి సంచిలో వేసుకుంది. భర్త చూశాడు, వద్దనలేదు. మళ్ళీ ఇంజను తిప్పాడు.

*

పరీక్షలాయన కట్టని గిన్నెలో నీళ్ళు పోసి బాగా జాడించాడు. ఆకు తీసేసి, నీళ్ళు తేరేదాకా ఆగి, అడుగున మిగిలిన మడ్డి నుంచి ఒక చుక్క పలక మీద పెట్టాడు. పలకని అటూ ఇటూ జరిపి చూశాడు. తర్వాత పక్కకి జరిగాడు. ఆమె చూడక్కర్లేకపోయింది.

"ఎక్కడ కొన్నారు?"

"కొనలేదు సార్. మా మడిలోది. పంపు వీధికి కూర పోసేది మా అత్త. నిన్న కాక మొన్న మీరు అడిగితే బజారని చెప్పాను."

ఆయన కళ్ళజోడు తీశాడు. తీసినా తుడుచుకోలేదు, చేతిలోనే పెట్టుకున్నాడు. బయట వరండాలో ఎవరి బిడ్డో ఏడుస్తోంది.

"చూడమ్మా," అన్నాడు చివరికి. "మురుగునీటి ఆకు వల్ల అని రాస్తాను. ఎవరి ఆకు అన్నది నేను రాయక్కర్లేదు. అడిగేవాళ్ళు కూడా లేరు. మీవాళ్ళు మానేస్తే చాలు. ఎల్లుండి మళ్ళీ మాత్రలు వెయ్యాలి, ఆ వీధి మీ మాటే వింటుంది. ఆ నమ్మకం చెడగొట్టుకోకండి."

ఆ మాటలో న్యాయం ఉంది. అందుకే అది పట్టుకుని వేలాడాలనిపించింది ఆమెకి. దవాఖానా మెట్లు దిగుతూ, పిల్లల కోసమే కదా నోరు మూసుకుంటున్నాను అని తనకి తనే చెప్పుకుంది. మలుపు దాకా బాగానే ఉంది. మలుపు తిరిగితే కుట్టుమిషను చప్పుడు వినిపించింది. ఆ చేతులు మళ్ళీ కళ్ళ ముందుకొచ్చాయి, ఎర్రటి వేళ్ళు, చాపిపట్టుకున్న తల్లి.

టైలరమ్మ చొక్కా కాలరు కుడుతోంది. "రా అక్కా, ఆ బట్టలు పక్కకి జరిపి కూర్చో," అంది తల ఎత్తకుండానే.

ఆమె కూర్చోలేదు. గుమ్మంలోనే నిలబడి చెప్పింది. పక్కింటికి వినబడుతుందేమో అని గొంతు తగ్గించుకోలేదు. కాలువ నీళ్ళు, కట్టలు ముంచే గుంట, గిన్నె అడుగున మడ్డి. నీ చేతుల తప్పు కాదని నాకు తెలిసి కూడా నిన్న షెడ్డులో నోరు విప్పలేదు అని కూడా చెప్పింది.

టైలరమ్మ కాలు ఆగింది. దారం కొరికి, కాలరు తిప్పి చూసి, పక్కన పెట్టింది.

"మీ ఆయన కాలువలో పైపు వేశాడని నాకు తెలుసు," అంది. "ఈ వీధిలో సగంమందికి తెలుసు. అటే కదా నడుస్తాం. ఎవరి కడుపు తిప్పలు వాళ్ళవి, బోరు ఎండిపోతే ఆయన మాత్రం ఏం చేస్తాడు అనుకున్నాం."

 టైలరమ్మ ఇంత తేలిగ్గా వదిలేస్తుందని మాత్రలక్క అనుకోలేదు. గుమ్మం చెక్క పట్టుకుంది.

"అంతా తెలిసిన మనిషివి, నువ్వే నీ పిల్లకి పెడుతున్నావు కదా అనుకున్నాను. బాగా కడిగితే పోతుందేమోలే, నీ కూతురికి లేనిది నా కూతురికేం వస్తుంది, నేనే సరిగ్గా కడగడం లేదు కాబోలు అని." టైలరమ్మ ఇప్పుడు తల ఎత్తింది. "మీ ఇంట్లోనూ అదే కదా తినేది?"

అవునంటే సరిపోతుంది. అడిగే గొంతులోనే ఆ అవును సిద్ధంగా ఉంది, అందుకుంటే చాలు. అందరూ ఒకే కష్టంలో ఉన్నవాళ్ళైపోతారు.

"కాదు," అంది మాత్రలక్క. "మాకు వేరే మడి ఉంది. చేతిపంపు నీళ్ళతో."

టైలరమ్మ తిట్టలేదు. తర్వాత మిషను చక్రం మీద చెయ్యి వేసి తొక్కడం మొదలుపెట్టింది. సూది కింద గుడ్డ లేదు. ఉత్త సూది టకటకా దిగుతూ లేస్తూ ఉంది. మాత్రలక్క మెట్లు దిగి వీధి చివరికి వెళ్ళేదాకా ఆ చప్పుడు ఆగలేదు.

*

సాయంత్రానికే వీధి అంతటికీ తెలిసిపోయింది. ఎవరో వచ్చి గుమ్మం ముందు శాపనార్థాలు పెట్టి వెళ్ళారు. మర్నాడు కూతురు బడి నుంచి వచ్చి, పిచ్చుక ఇవాళ వేరే బెంచీ మీద కూర్చుంది, ఎందుకమ్మా అని అడిగింది. భర్త ఆమెతో మాట్లాడటం మానేశాడు. మాత్రలు వేసే రోజు పొద్దున మాత్రం, చెప్పుల్లో కాళ్ళు పెట్టుకుంటూ, గోడకేసి చూస్తూ అన్నాడు.

"ఆకు దున్నేస్తున్నాను. పశువుల గడ్డి వేస్తాను. పాలవాళ్ళు కొంటారు. కూరంత గిట్టదు, ముందే చెబుతున్నా."

"సరే," అంది.

"అమ్మ నిన్నటి నుంచీ గడప దాటలేదు. ఏ మొహం పెట్టుకుని తిరగనంటోంది. చూసుకో."

రేకుల షెడ్డు కింద బల్ల వేసి, మంచినీళ్ళ కుండ పెట్టి, మాత్రల డబ్బా మూత తీసి కూర్చుంది. బుల్లిపిల్లలకి నలిపి ఇవ్వడానికి రెండు చెంచాలు కడిగి పక్కన పెట్టుకుంది. ఎప్పట్లా అయితే ఈపాటికి షెడ్డు దాటి వరస ఉండాలి, ముందు నేనంటే ముందు నేనని పిల్లలు తోసుకోవాలి. ఇవాళ తల్లులు ఎవరి గుమ్మాల్లో వాళ్ళు నిలబడి చూస్తున్నారు. పిల్లలు వాళ్ళ కొంగులు పట్టుకుని ఉన్నారు. ఒక పిల్లాడు పరిగెత్తుకు రాబోతే తల్లి చొక్కా పట్టి వెనక్కి లాగింది.

పరీక్షలాయన కొంతసేపు చూసి దగ్గరికి వచ్చాడు. "మీరు కాస్త పక్కన కూర్చోండమ్మా. నేను వేస్తాను. పిల్లల కోసం."

ఆమె లేచింది. లేచి కుర్చీ ఆయనకి జరుపుతుండగా టైలరమ్మ పిచ్చుకని చెయ్యి పట్టుకుని తీసుకొస్తూ కనబడింది. పిల్ల వేళ్ళకి గుడ్డపేలికలు కట్టి ఉన్నాయి. బల్ల ముందుకి వచ్చి ఆగింది టైలరమ్మ.

"ఆయన రేపో మాపో వెళ్ళిపోతాడు," అంది. అక్కా అనలేదు. "ఇక్కడ ఉండేది నువ్వు. నువ్వే వెయ్యి. కానీ ముందు నువ్వు వేసుకో."

వీధి అంతా వింటోంది. 

మాత్రలక్క డబ్బాలోంచి ఒక మాత్ర తీసుకుంది. ఇంతమందికి వేసింది గానీ ఒక్కటీ తన నోట్లో వేసుకోలేదు ఎప్పుడూ. ఇది వాళ్ళ జబ్బు, వాళ్ళ మందు అనుకునేది. నాలుక మీద పెట్టుకుని నమిలింది. సుద్దముక్కలా పొడిపొడిగా అయింది, కాస్త తీపి, ఆ తీపి వెనక ఏదో వెగటు. పళ్ళకి అంటుకుంది. నీళ్ళు తాగకుండానే మింగింది. తలవంచుకోకుండా మింగడం కష్టమయింది.

పిచ్చుక కళ్ళార్పకుండా ఆమె గొంతునే చూస్తోంది. మాత్ర వేసిన ప్రతి పిల్లతోనూ ఆమె అనే మాటని, అచ్చం ఆమెలాగే గొంతు పెట్టి అంది.

"ఏదీ, నాలుక చూపించు."

ఎవరూ నవ్వలేదు. మాత్రలక్క నోరు తెరిచి నాలుక చాపింది. పిల్ల చూసింది. తల్లి కూడా ముందుకి వంగి, తొందరపడకుండా, చిన్నపిల్లల్ని చూసినట్టే చూసింది.

చూసి, టైలరమ్మ అరచెయ్యి చాపింది. మాత్రలక్క అందులో ఒక మాత్ర పెట్టింది. ఆ మాత్రని తనే వేళ్ళతో తీసి, అటూ ఇటూ తిప్పి చూసి, కూతురి నోట్లో వేసింది. "నమిలి మింగు," అంది పిల్లతో. పిల్ల నములుతుంటే ఇద్దరాడవాళ్ళూ ఒకరినొకరు చూసుకోకుండా ఆ దవడ వంకే చూస్తూ నిలబడ్డారు.

వెనక గుమ్మంలో ఒకామె చేతిలోని చేటని కింద పెట్టింది. కొడుకు చెయ్యి పట్టుకుని వచ్చి, మాత్రలక్కకి కాస్త ఎడంగా ఆగి, తనూ అరచెయ్యి చాపింది.